ముందు ఎదుటివాడి మాట

తార్నాక, హైదరాబాద్
జూన్ 16

తమ్ముడు విజయ్‌కి,

అక్క ప్రిస్కిల్లా రాసేది. ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు గనుక అలాగే మొదలుపెడుతున్నాను గానీ, శుక్రవారం సాయంత్రం నిన్ను టీవీలో చూసిన దగ్గర్నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

ఈ కాలంలో ఉత్తరమేమిటి, ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేశాను. నీ ఫోన్ మీ పి.ఏ. పరుశురాం ఎత్తుతాడు. "సార్ మీటింగ్‌ల ఉన్నరు మేడం, ఏమన్న ఉంటె చెప్పుండ్రి, నోట్ చేసుకుంట" అంటాడు. సొంత తమ్ముడితో చెప్పాల్సింది పి.ఏ. నోట్ చేసుకుంటే ఏం బాగుంటుంది? ఒకవేళ నువ్వే ఎత్తినా నా మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తావు. కాగితమైతే నోరు మూసుకుని చివరిదాకా చదవక తప్పదు. పార్టీ నిన్ను అధికార ప్రతినిధిని చేసి ఢిల్లీలో టీవీ చర్చలకు కూర్చోబెట్టినప్పటి నుంచి నీకు నోరు మూసుకునే అవకాశమే రావడం లేదు పాపం.

పశ్చిమాసియాలో ఒక దేశం ఇంకో దేశం మీద బాంబులు వేసిందన్న వార్త నేను వంటింట్లో టీ పెట్టుకుంటూ విన్నాను. టీ వడకట్టుకుని హాల్లోకి వచ్చేసరికి తెర మీద నువ్వున్నావు. న్యాయం ఎవరిదో, పాపం ఎవరిదో, ఈ యుద్ధం ఎలా ముగియాలో అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తున్నావు. బాంబులు పడిన ఊళ్లోవాళ్లకే అప్పటికి ఏం జరిగిందో సరిగ్గా తెలిసి ఉండదు. ఢిల్లీలో కూర్చున్న నీకు తెలిసిపోయింది.

అది నీ ఉద్యోగంలే అని ఊరుకుందును. చివర్లో ఒక మాట అన్నావు చూడు: "ఆ ప్రాంతాల నుంచి వచ్చి మన యూనివర్సిటీల చుట్టుపక్కల కాలనీల్లో అద్దెకుంటున్నవాళ్ల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి" అని. మన కాలనీలో అలా అద్దెకున్నది ఎవరో నీకు బాగా తెలుసు. పోయిన క్రిస్మస్‌కి నువ్వు వస్తే మన ఇంటి పై పోర్షన్ నుంచి నీకోసం మంచం మోసుకొచ్చి వేసినవాడు. ఇద్రీస్. మా జాగ్రఫీ డిపార్ట్‌మెంట్‌లో నా దగ్గర పరిశోధన చేస్తున్న ఆఖరి విద్యార్థి. వచ్చే ఏడు నేను రిటైరయ్యేలోపు అతని థీసిస్ పూర్తవ్వాలని నా ఆశ. అతనిది సూడాన్. నువ్వు మాట్లాడిన రెండు దేశాల్లో ఏదీ కాదు. పటం చూసి ఉంటే తెలిసేది.

నాన్న భోజనాల బల్ల గుర్తుందా? నరసాపురం నుంచి వచ్చి ఇక్కడ రైల్వే స్కూల్లో మాస్టారుగా చేరిన ఆయన, బడిలో బెత్తం పట్టాడో లేదో గానీ ఇంట్లో మాత్రం ఒకే ఒక్క రూలు పెట్టాడు. ఎవరితోనైనా తగాదా వస్తే ముందు ఎదుటివాడి మాట మనం చెప్పాలి. వాడు విని "అవును, నేనన్నది ఇదే" అనాలి. అన్నాకే మన మాట. అప్పటిదాకా పులుసులో చేప ముక్క పడేది కాదు, ఉత్త పులుసే. ఆ రూలు వల్ల ఎక్కువ ముక్కలు పోగొట్టుకున్నది నువ్వే.

జవాబు రాయి. నువ్వే రాయి.

అక్క

*

న్యూఢిల్లీ
జూన్ 27

అక్కా,

నీ ఉత్తరం మా ఆఫీసులో కలకలం రేపింది. చేత్తో రాసిన కవరు వస్తే మా సెక్యూరిటీవాళ్లు బెదిరింపు లేఖ అనుకుంటారు. విప్పి చదివాక నాకూ అలాగే అనిపించింది.

నువ్వు కోప్పడితే నాకు నవ్వొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. కానీ మా పని ఎలా ఉంటుందో నీకు తెలియదు, చెబుతా విను. మా దగ్గర ప్రకటనలు ముందే రాసిపెట్టి ఉంటాయి. భూకంపానికి ఒకటి, విమానం కూలితే ఒకటి, యుద్ధానికి ఒకటి. దేశాల పేర్లు రావాల్సిన చోట ఖాళీలు ఉంటాయి. పై నుంచి పేర్లు వస్తాయి, నింపుతాం, కెమెరా ముందు కూర్చుంటాం. ఎవడు ముందు మాట్లాడితే వాడి క్లిప్పే రోజంతా తిరుగుతుంది. బాగా ఆలోచించి మాట్లాడేవాడికి మర్నాడు మైకు దొరుకుతుంది. మర్నాటికి జనం ఇంకో వార్తలో ఉంటారు. ఆలోచించడం మీ యూనివర్సిటీవాళ్లకి కుదురుతుంది, వాళ్లకి నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

కాలనీల మాట పేర్లతో పాటు వచ్చింది కాదు, నేనే కలిపాను. ఊపులో వచ్చింది. అది విని మా ఇన్‌ఛార్జి భుజం తట్టాడు కూడా. దానికి నువ్వు అంత బాధపడాల్సింది లేదు, ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అసలు సంగతి రాస్తున్నాను, ఎవరికీ చెప్పకు. ఆగస్టు నెలాఖరులో శాసనమండలి సీటుకి పేరు ప్రకటిస్తారు. చివరి ముగ్గురిలో నేనున్నాను. ఇరవై ఏళ్లు జెండాలు కట్టి, కుర్చీలు వేసి, ఎవరెవరి పుట్టినరోజులకో ఫ్లెక్సీలు పెట్టి ఇక్కడిదాకా వచ్చాను. మాస్టారి కొడుకు చట్టసభలో కూర్చుంటాడు, ఊహించుకో.

అందుకే ఒక చిన్న సాయం. ఇద్రీస్ మంచివాడే, కాదనను. సూడానో ఇంకోటో, జనం కంటికి అంతా అటువైపే కదా. ఓ రెండు నెలలు సీతాఫల్‌మండిలోనో మల్కాజ్‌గిరిలోనో గది చూసుకోమని మెల్లగా చెప్పు. ఆ ఇంటి మీద నా పేరు కూడా ఉంది. ఎవడైనా వీడియో తీసి "టీవీలో ఒక మాట, సొంతింట్లో ఇంకో మాట" అని పెట్టాడంటే నా పని అయిపోయినట్టే.

నీ బీపీ మాత్రలు మానొద్దు.

విజయ్

*

తార్నాక
జూలై 9

విజయ్,

ఎవరూ గుర్తుపెట్టుకోరు అన్నావు. మన కాలనీ సంఘం గుర్తుపెట్టుకుంది. ఫోన్లో భద్రంగా దాచుకుంది కూడా.

మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ముందు సంఘం అధ్యక్షుడు గట్టయ్య గారు, ఆర్టీసీలో చేసి రిటైరైనాయన. పక్కన బ్యాంకు రత్నాకర్.

"మేడం, మీరంటె మాకు ఇజ్జత్ ఉన్నది. గా పైన ఉన్న పిల్లగాన్ని ఈ నెలల ఖాళీ చేయించుండ్రి" అన్నాడు గట్టయ్య గారు.

ఎందుకని అడిగాను.

"మీ తమ్ముడే చెప్పిండు గద టీవీల. కన్నేసి ఉంచాలె అన్నడు. రోజంత కన్నేసి కూసుండుడు మాతోని అయితదా మేడం? ఖాళీ చేస్తె అందరికి నిమ్మలం."

ఫోన్ తీసి నిన్ను నాకే చూపించాడు. నా తమ్ముడు నా గుమ్మంలో, పరాయివాడి చేతిలో, చెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నాడు. చాలా సిగ్గేసింది.

లోపలికి వెళ్లి పటం తెచ్చి గేటు మీదే పరిచాను. నువ్వు చెప్పిన యుద్ధం ఎక్కడ, ఈ అబ్బాయి ఊరు ఎక్కడ, మధ్యలో సముద్రం ఎక్కడ, అన్నీ వేలుపెట్టి చూపించాను. రత్నాకర్ వంగి కూడా చూడలేదు. "మ్యాపులు మాకెందుకు మేడం, అంత గట్లనే ఉంటరు" అన్నాడు. నీ ఉత్తరంలో నువ్వు రాసిన మాటే. మీరిద్దరూ ఎప్పుడైనా కలిశారా?

అప్పుడు ఎదురింటి సారలమ్మ రోడ్డు దాటి వచ్చింది. జనగామ వైపు నుంచి కొడుకు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ ఉంటోంది, నీకు తెలుసుగా. ఇద్రీస్ పరిశోధన జొన్న పంట మీద. వానలు తగ్గితే వాళ్ల దేశంలో రైతు ఏం చేస్తున్నాడు, మన దగ్గర రైతు ఏం చేస్తున్నాడు అని. ఆ వంకతో సారలమ్మ దగ్గర కూర్చుని పొలం కబుర్లు వింటాడు, రొట్టెలు తింటాడు. ఆవిడ చేతికి పిండి అంటుకుని ఉండగానే వచ్చి నిలబడింది.

"గా పిల్లగాడు నా చేతి రొట్టె తింటడు. వాళ్లమ్మ గూడ జొన్నరొట్టె చేస్తదట. వాన్ని పొమ్మనేటట్టుంటె ముందుగాల నన్ను పొమ్మనుండ్రి గట్టయ్య" అంది.

వాళ్లు వెళ్లాక పైకి వెళ్లాను. అంతా విన్నట్టున్నాడు, రెండు బ్యాగులు సర్దేసి కూర్చున్నాడు. "నేను పోత మేడం. మీకెందుకు తిప్పలు" అన్నాడు. మన తెలుగే, తార్నాక తెలుగు. ఎక్కడికి పోతాడు? ఒక కాలనీ వెళ్లగొట్టినవాడికి ఇంకో కాలనీలో గది ఇవ్వరు. ఉండే చిరునామా లేకపోతే ఇక్కడ ఉండటానికి గడువు పెంచరు. అక్టోబర్‌లో థీసిస్ ఇవ్వాల్సినవాడు దాన్ని సగంలో వదిలి యుద్ధంలోకి వెళ్లాలి. అవును, వాళ్ల దేశంలోనూ యుద్ధమే. మొదలై రెండేళ్లు దాటింది. తల్లి, చెల్లెలు ఇల్లు వదిలేసి వేరే ఊళ్లో ఒక బడి గదిలో తలదాచుకున్నారని పోయిన ఏడు చెప్పాడు. ఆ యుద్ధం మీద నువ్విచ్చిన ప్రకటన ఒక్కటి చూపించు. మీ ఖాళీల్లో ఆ దేశం పేరు నింపమని పై నుంచి ఎవరూ చెప్పలేదు కాబోలు.

బ్యాగులు విప్పించాను. అతను ఖాళీ చేయడు. నేను చేయించను. ఈ ఇంటి మీద నీ పేరు ఉందన్నావు, నాదీ ఉంది. నా సగం ఏదో గీత గీసి చెప్పు, ఆ సగంలో ఉంటాడు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. గడువు పెంచే ముందు పోలీసులు విచారణకు వస్తారు. కాలనీ సంఘాన్ని కూడా అడుగుతారట. గట్టయ్య గారు "మేం మాట ఇయ్యం" అంటున్నాడు. నువ్వు ఆయనకి ఒక్క ఫోన్ చేసి, ఆ మాట తప్పు అని చెబితే చాలు.

ఈసారి జవాబు రాసేముందు నా మాట ముందు నువ్వు చెప్పు. బల్ల దగ్గర చెప్పినట్టే.

ప్రిస్కిల్లా

*

అధికార ప్రతినిధి కార్యాలయం
న్యూఢిల్లీ
జూలై 22

గౌరవనీయులైన శ్రీమతి ప్రిస్కిల్లా గారికి,

నమస్కారములు. మీ లేఖ అందినది. ప్రస్తుత అంతర్జాతీయ పరిస్థితులపై మీరు వ్యక్తపరచిన అభిప్రాయములను మా నాయకులు శ్రీ విజయ్ కుమార్ గారు ఎంతో శ్రద్ధతో పరిశీలించినారు. మీ వంటి ప్రజల సూచనలే మాకు మార్గదర్శకములు. మీ సమస్యను సంబంధిత అధికారుల దృష్టికి తీసుకొని వెళ్లగలము.

యుద్ధంపై మా నాయకుల వైఖరిని వివరించు కరపత్రము జతచేయడమైనది. మీ బంధుమిత్రులకు పంచగలరని మనవి.

ఇట్లు,
పరుశురాం
వ్యక్తిగత సహాయకులు

*

తార్నాక
జూలై 30

మా నాయకులు శ్రీ విజయ్ కుమార్ గారికి,

ప్రజల్లో ఒకతెనైన ప్రిస్కిల్లా వ్రాయు మనవి. తమ కరపత్రము అందినది. బంధుమిత్రులకు పంచమన్నారు. నాకున్న దగ్గరి బంధువు తమరే గనుక తమకే తిప్పి పంపుతున్నాను. వెనక వైపు ఖాళీగా ఉంటే పటం గీశాను. సూడాన్ చుట్టూ ఎర్ర సిరాతో గీత పెట్టాను, కనబడకపోతే కళ్లజోడు మార్చుకోగలరు.

ఇక తమరు, గారు వద్దు. విజయ్, ఆ కరపత్రం నువ్వు చదివావా? జూన్‌లో నువ్వు ఒక దేశం పక్షాన గొంతు చించుకున్నావు. ఈ కాగితంలో రెండో దేశం పక్షాన ఉన్నావు. అవే విశేషణాలు, అదే ఆవేశం, పేర్లు మాత్రం అటూ ఇటూ అయ్యాయి. మనసు మార్చుకోవడం తప్పని నేననను. చదివి, విని, ఆలోచించి మార్చుకున్నవాణ్ణి నెత్తిన పెట్టుకుంటాను. నీ మనసు నువ్వు మార్చుకోలేదు, నీకు చెప్పకుండా ఎవరో మార్చేశారు. నువ్వు జూన్‌లో అన్న మాట మాత్రం ఇక్కడ అలాగే ఉంది. రత్నాకర్ కాలనీ వాట్సాప్ గ్రూపులో దాన్ని మళ్లీ పెట్టాడు. మూల మీది కిరాణా కొట్లో ఇద్రీస్‌తో మాట్లాడటం మానేశారు. సామాను కవర్లో వేసి చూపు పక్కకి తిప్పుకుంటారు.

నిన్న మీ పార్టీ విద్యార్థి సంఘం నాయకుడు భూపాల్ డిపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. వచ్చే నెల క్యాంపస్‌లో "ప్రపంచ శాంతి – మన పాత్ర" అని సభ పెడుతున్నారట, ముఖ్య వక్తవి నువ్వేనట. "మీరు అధ్యక్షత వహిస్తె మస్తుంటది మేడం. అక్క, తమ్ముడు ఒక స్టేజి మీద. ఫొటో జబర్దస్త్ వస్తది" అన్నాడు.

ఒప్పుకున్నాను.

నీకు ముందే చెబుతున్నాను, చాటుగా చేయడం నాకు చేతకాదు. ఆ సభలో నాన్న రూలు నడుస్తుంది. మాట్లాడే ప్రతివాళ్లూ ముందు తమకి పడని పక్షం మాట చెప్పాలి. ఆ పక్షం వాళ్లు హాల్లో ఉంటే విని "అవును" అనాలి. ఆ తర్వాతే సొంత మాట. అధ్యక్షురాలి బల్ల మీద గంట ఉంటుంది. ఎవరు తప్పినా కొడతాను. ఎవరు తప్పినా అన్నాను, చూసుకో.

అక్క

*

న్యూఢిల్లీ
ఆగస్టు 6

అక్కా,

ఇది నేనే రాస్తున్నాను. నా రాత నువ్వు గుర్తుపడతావు. ఆ జవాబు నేను చూడలేదు. పరుశురాం నీ ఉత్తరాన్ని జనం ఉత్తరాల కట్టలో వేశాడు, అందరికీ పంపే అచ్చు జవాబే నీకూ వెళ్లింది. నీ పాత ఉత్తరం ఇప్పుడు వెతికి తీయించి చదివాను. పరుశురాంని తిట్టాను. వాడు "సార్, పేరు సూసిన గని మీ అక్కని అనుకోలే" అన్నాడు.

కానీ ఆ సభ సంగతి వదిలెయ్, అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా. అధ్యక్షత వహించు, దండ వేయించుకో, నాలుగు మంచి మాటలు చెప్పు. ఆ రూలు మాత్రం ఇంట్లో బల్ల దగ్గరే ఉంచు.

నీకు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను, తప్పించుకుంటున్నాననుకోకు. నేను ఆ వేదిక మీద ఎదుటి పక్షం మాట చెప్పాననుకో, ఆ నాలుగు వాక్యాలు కత్తిరించి, అవి నా మాటలే అన్నట్టు గంటలో ఊరంతా తిప్పుతారు. ముందూ వెనకా ఎవడూ వినడు. ఆ మిగతా ఇద్దరు పోటీదారులు దానికోసమే ఫోన్లు పట్టుకుని కూర్చుని ఉంటారు. నాన్న బల్ల దగ్గర కెమెరాలు లేవు. ఉన్నది నువ్వూ నేనూ అమ్మా. తప్పు మాట్లాడినా నవ్వుకుని అన్నం తినేవాళ్లం.

సీటు చేతికందే దూరంలో ఉంది. గట్టయ్యకి ఇప్పుడు ఫోన్ చేయలేను, అది కూడా రికార్డు చేస్తారు. సీటు వచ్చిన మర్నాడు నేనే వచ్చి ఇద్రీస్ సంగతి చూస్తాను. మాటిస్తున్నాను.

విజయ్

*

కాచిగూడ స్టేషన్, వెయిటింగ్ హాలు
ఆగస్టు 16

అక్కా,

విమానం టికెట్టు దొరకలేదు. రైలు కోసం కూర్చుని రాస్తున్నాను. ఇదే చివరి ఉత్తరం.

నేను లేచి మూడు వాక్యాలు మాట్లాడానో లేదో గంట కొట్టావు. సరే, సరదాకేలే అనుకుని నవ్వాను. మళ్లీ కొట్టావు. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మూడోసారి కొట్టి మైకులో ఏమన్నావు? "విజయ్ కుమార్ గారూ, ఎదుటివారి మాట ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ముక్క పడదు." హాలంతా పగలబడి నవ్వింది. వాళ్లకి ఆ మాటేమిటో తెలియను కూడా తెలియదు. అది మన ఇంట్లోది, నాన్నది. దాన్ని తీసుకెళ్లి పరాయివాళ్ల ముందు పడేశావు. నేను పక్క తలుపు నుంచి బయటికి వచ్చాను, అది కూడా తీశారు. ఇక్కడ నా పక్కన కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు అదే చూస్తున్నారు.

సీటు పోయింది, నాకు తెలుసు. ఇద్రీస్ సంగతి నీ ఇష్టం. ఇక రాయకు.

విజయ్

*

తార్నాక
ఆగస్టు 25

విజయ్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

ముక్క మాట నోరు జారింది. దానికి బాధపడుతున్నాను, మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. గంటకి మాత్రం బాధపడటం లేదు. ఇంకోసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టినా కొడతాను.

నువ్వు వెళ్లిపోయాక ఏం జరిగిందో నీకు తెలియదు. ఎవరూ వీడియో తీయలేదు, కెమెరాలన్నీ నీ వెనకే వెళ్లిపోయాయి. భూపాల్ వందన సమర్పణ చేసి ముగించేద్దామన్నాడు. అధ్యక్షురాలు ఇంకా ముగించలేదన్నాను. అప్పుడు మీ విద్యార్థి సంఘంలోనే ఉన్న శైలజ అనే అమ్మాయి లేచి, "మేడం, నేను ట్రై చేస్తా" అంది. తనకి పడని పక్షం మాట చెప్పడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఒకబ్బాయి "మేమట్ల అంటలేం" అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ కాదన్నాడు. ఆ అమ్మాయికి కళ్లలో నీళ్లొచ్చాయి గానీ కూర్చోలేదు. ఇంకోసారి నిదానంగా, ఒక్కో మాట వెతుక్కుని చెప్పింది. వాడు ఈసారి "ఆ, గదే" అన్నాడు. ఇక వాడి వంతు. వాడికి ఇంకా కష్టమైంది. చప్పట్లు లేవు, నినాదాలు లేవు. నేను ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న క్యాంపస్‌లో ఇంతమంది ఒకరి మాట ఒకరు వినడం ఆ రోజే చూశాను.

వెనక వరసలో గట్టయ్య గారు కూర్చుని ఉన్నాడు. నిన్ను దగ్గర్నుంచి చూద్దామని వచ్చాడట. నువ్వు వెళ్లిపోయినా ఆయన వెళ్లలేదు.

నిన్న ఆయన, ఇద్రీస్ సంగతులు సారలమ్మని అడిగి తెలుసుకుని, ఒక్కడే ఇంటికొచ్చాడు. ఇద్రీస్‌ని కిందికి పిలవమన్నాడు. ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు సర్దుకుని అన్నాడు: "బాబూ, నీ మాట నేను చెప్త. తప్పుంటె చెప్పు. నువ్వు గీడికి సదువుకుంటానికి వచ్చినవ్. మీ దేశంల లడాయి అయితున్నది, గది మా టీవీల రాదు. మీ అమ్మ, మీ చెల్లె ఇల్లు ఇడిసిపెట్టి యాడనో బడిల ఉంటున్నరు. మేం పొమ్మంటె నీకు పోతానికి జాగ లేదు. గంతేనా?"

ఇద్రీస్ తల దించుకున్నాడు. "ఒక్కటి తప్పు సార్" అన్నాడు. "చెల్లె లేదు. ఏప్రిల్‌ల చనిపోయింది. అమ్మ ఒక్కతే ఉన్నది."

నాకు తెలియదు, విజయ్. రోజూ ఆ అబ్బాయి నా ముందు నుంచే మెట్లు ఎక్కుతాడు. ఏప్రిల్‌లో నేను అధ్యాయం ఆలస్యమైందని కోప్పడ్డాను. "సారీ మేడం" అని వెళ్లిపోయాడు. నేను పటాలు తెచ్చి కాలనీకంతటికీ అతని దేశం చూపించాను. అతని ఇంట్లో ఏం జరిగిందో మాత్రం అడగలేదు. గట్టయ్య గారు తప్పు చెప్పబట్టి తెలిసింది.

ఆయన కాసేపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. చెల్లె చనిపోయిందని కూడా కలిపి చెప్పి, "గిప్పుడు సరేనా బాబూ?" అన్నాడు. ఇద్రీస్ "అవును సార్, గదే" అన్నాడు. గట్టయ్య గారు లేచి, "పోలీసులు వస్తె నా దగ్గరికి పంపుండ్రి మేడం" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సంఘంలో అందరూ ఒప్పుకోలేదు. రత్నాకర్ నాతో మాట్లాడటం లేదు, నాకూ తొందర లేదు.

నువ్వు మాటిచ్చావు కదా, సీటు వచ్చిన మర్నాడు చూస్తానని. నువ్వు చూడకుండానే అయింది. అయినా నీకు రాయాలనిపించింది.

అక్క

*

న్యూఢిల్లీ
సెప్టెంబర్ 12

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన నాడే సీటు ఇంకొకరికి ప్రకటించారు. రెండూ ఒకే బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ముందు నీ మీద పిచ్చి కోపం వచ్చింది. తర్వాత ఆ అబ్బాయి చెల్లెలి దగ్గర ఆగిపోయాను. ఏప్రిల్‌లో ఆ అమ్మాయి పోయింది. జూన్‌లో నేను ఆ మాట అన్నాను.

నీ మాట నేను చెబుతాను, విను.

యుద్ధం గురించి మాట్లాడొద్దని నువ్వు అనలేదు. తెలుసుకుని మాట్లాడమన్నావు, తెలియకపోతే తెలియదని చెప్పమన్నావు. ఢిల్లీలో నేను ఊపులో విసిరిన మాట తార్నాకలో ఒక గది తలుపు తడుతుందని చెప్పావు. రోజూ ఎదురుపడే మనిషి సంగతే అడిగితే గానీ తెలియనప్పుడు, ఎన్నడూ చూడని దేశం గురించి టీ వడకట్టేలోపు తీర్పు చెప్పేవాణ్ణి ఏమనాలి అని అడిగావు. కెమెరాలు ఉన్నాయన్న భయంతో ఆలోచించడం మానేస్తే, మనకు మిగిలేది ఖాళీలు నింపే పని ఒక్కటేనన్నావు. ఇది నువ్వు రాయలేదు గానీ గంట కొట్టినప్పుడు నాకు అలా వినిపించింది. చివరగా, నేను ఆ సీటు పోగొట్టుకుంటే గానీ బాగుపడనని, అందుకే నేను ఓడిపోవాలని నువ్వు కోరుకున్నావు.

ఇదేనా నువ్వన్నది?

మొన్న అదే ఛానెల్‌కి వెళ్లాను. ఇంకేదో చర్చ. మధ్యలో ఆపి, "జూన్‌లో ఇదే కుర్చీలో కూర్చుని కాలనీల్లో ఉండే విదేశీ విద్యార్థుల గురించి ఒక మాట అన్నాను. అది తప్పు. అన్నప్పుడు నేను పటం కూడా చూడలేదు" అన్నాను. యాంకర్ నవ్వి బ్రేక్ అంది. బ్రేక్ అయ్యాక నా కుర్చీలో ఇంకొకరు ఉన్నారు. పార్టీ నన్ను చర్చలకు పంపడం మానేసింది. పరుశురాంని కూడా వేరేవాళ్లకి ఇచ్చారు. ఇప్పుడు నా ఫోన్ నేనే ఎత్తుతున్నాను.

ఆ క్లిప్పు ఎవరూ తిప్పడం లేదు. గట్టయ్యకి మాత్రం నేనే పంపాను.

విజయ్

*

తార్నాక
సెప్టెంబర్ 20

విజయ్,

గట్టయ్య గారు దాన్ని కాలనీ గ్రూపులో పెట్టాడు. రత్నాకర్ కూడా చూశాడు. ఇద్రీస్‌కి గడువు పెంచారు. నీ వీడియో అతనికి చూపిస్తే రెండుసార్లు చూసి, "సార్ మంచం ఇంక కిందనే ఉన్నది మేడం" అన్నాడు. వచ్చే నెల థీసిస్ ఇస్తాడు.

నువ్వు చెప్పిన నా మాట చదివాను. అన్నీ సరిగ్గానే చెప్పావు, నేను చెప్పనివి కూడా. ఆఖరిది తప్పు. నువ్వు ఓడిపోవాలని నేను ఏనాడూ కోరుకోలేదు. నీ సీటు కోసం ప్రతి ఆదివారం ప్రార్థన చేశాను. సభ రోజు పొద్దున కూడా మోకాళ్ల మీద ఉండి చేశాను, ఆ తర్వాత వచ్చి గంట కొట్టాను. రెండూ నేనే.

కాబట్టి "అవును" అనడం లేదు. అది దిద్దుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఉత్తరంలో చెల్లదు, ఇక్కడికొచ్చి బల్ల దగ్గర కూర్చుని చెప్పాలి. చేప తెప్పిస్తాను. సారలమ్మ రొట్టెలు పంపుతానంది. ఇద్రీస్, గట్టయ్య గారు కూడా ఉంటారు. ఆ వీధివాళ్ల ముందు ఇంటి మాటలేమిటి అనకు.

నీ వంతు అయ్యాక నాది. నాన్న బల్ల దగ్గర కెమెరాలు లేవు అన్నావు చూడు, దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. నీ మాట నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. నువ్వు "అవును" అనేదాకా నాకూ ఉత్త పులుసే.

అక్క